చుక్కానివాడు చూచిన ముఖములు



నేను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడను. నా చదువెల్ల వ్యాకరణము, అలంకారశాస్త్రము, కావ్యములు. అట్టి వానికి పడవపందెములతోను, ఛాయాచిత్రములతోను ఏమి పొత్తని మీరు అడుగవచ్చును. ఆ పొత్తు నా మేనల్లుని వలన కలిగినది. వాడు కళాశాలలో పడవ నడుపు జట్టున చేరి, ఆ దారి వెంటనే ఆటల ఛాయాచిత్రకారుడైనాడు. ఆ వృత్తాంతమును ఈ సాయంకాలము మీకు విన్నవింతును. అందు నా తప్పిదమొకటి కలదు. దానిని దాచక చెప్పవలెననియే ఈ ప్రసంగమునకు ఒప్పుకొంటిని.

మా నివాసము గాజులరామారము. హైదరాబాదునకు ఉత్తరమున, కుత్బుల్లాపూరు ప్రాంతములోనిది. నేను ఉద్యోగమునకై అచట స్థిరపడిన నాడు అది పల్లెయే. చుట్టును నల్లని గుట్టలు, చెరువులు, పొలములు, చిత్తారమ్మ తల్లి గుడి. గుట్టల మీద బండలు కొట్టు కూలీల సమ్మెటల చప్పుడు తెల్లవారినది మొదలు వినబడుచుండెడిది. 2007వ సంవత్సరమున కుత్బుల్లాపూరు పురపాలకముతో పాటు మా ఊరును మహానగరములో కలిసినది. ఇప్పుడు ఊరేదో నగరమేదో గుర్తించుట కష్టము.

నా చెల్లెలు చిన్నవయసుననే భర్తను కోల్పోగా, ఎనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చినది. ఆ బాలుడు సన్నని శరీరము గలవాడు. వానికి మంచి చదువు చెప్పించి ఉద్యోగమున నిలుపవలెనని నా పట్టుదల. 2004లో నగరములోని ఒక కళాశాలలో చేర్చితిని. ఒకనాటి సాయంకాలము వాడు తడిసిన బట్టలతో ఇల్లు చేరినాడు.

"ఎక్కడికి పోయినావురా?" అని అడిగితిని.

"హుస్సేన్ సాగర్‌కు పోయినాను, మామయ్యా. మా కాలేజీ పడవ జట్టులో నన్ను తీసుకొన్నారు" అన్నాడు.

నాకు నవ్వు వచ్చినది. "నిలువెత్తు తెడ్డును నీవు లాగుదువా?" అంటిని. "తెడ్డు కాదు, మామయ్యా. చుక్కాని" అని వాడు లోపలికి పోయినాడు.

ఈ పందెపు పడవ సంగతి మీలో పలువురు చూచి ఉండరు గనుక కొంచెము వివరింతును. ఇది గోదావరి నాటుపడవ వంటిది కాదు. మిక్కిలి ఇరుకుగా, పొడవుగా, కత్తిఒర వలె ఉండును. కూర్చుండు పీటలకు చిన్న చక్రములుండి అవి ముందునకు వెనుకకు జారును. తెడ్డు లాగువాడు చేతులతో మాత్రమే గాక కాళ్లతో తన్ని, నడుముతో వంగి, సర్వాంగములతో లాగవలెను. ఒలింపిక్ క్రీడలలో ఈ పందెపు దూరము సాధారణముగా 2000 మీటర్లు. నిమిషమునకు ముప్పదియారు మొదలు నలువది పర్యాయములు తెడ్డు పడును. అనగా ప్రతి లాగుడునకు సుమారు ఒకటిన్నర సెకను కాలము. నలుగురు లాగు పడవలో నాలుగు తెడ్లును ఒకే క్షణమున నీటను మునిగి, ఒకే క్షణమున లేవవలెను. ఒకటి ఆలస్యమైనను పడవ తడబడును.

ఇందు ఒక వింత కలదు. తెడ్లు లాగువారు చేరవలసిన గీతకు వీపు పెట్టి కూర్చుందురు. ఎంత దూరము వచ్చినదియు వారికి తెలియును గాని ఎంత దూరము పోవలసినదియు తెలియదు. గమ్యమును చూచువాడు ఒక్కడే: చుక్కాని పట్టువాడు. వానిని ఇంగ్లీషున కాక్స్ అందురు. వాడు వెనుకకొనను, వారికి ఎదురుగా కూర్చుండి, దారి దిద్దుచు, తెడ్లకు లయ చెప్పుచుండును. పడవకు బరువు కారాదని చిన్నగాత్రము వానినే ఇందుకు ఎన్నుకొందురు. మరీ తేలికవాడు కూడ కారాదు. అంతర్జాతీయ నియమమున 55 కిలోగ్రాములకు తగ్గినచో ఆ లోటును పూరించు బరువును పడవలో ఉంచవలెను. మావాడు సన్నగా ఉండుటయే వానికి ఆ స్థానమును సంపాదించి పెట్టినది.

హుస్సేన్ సాగరము 1562 ప్రాంతమున ఇబ్రాహీం కుతుబ్ షా కాలములో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణమున కట్టబడినది. నాలుగు శతాబ్దులకు పైబడిన ఆ నీటి మీద, 1992లో నిలిపిన బుద్ధ విగ్రహము చూచుచుండగా, మావాడు వేకువజామున సాధన చేయుచుండెను. మా ఊరినుండి తొలి బస్సు పట్టుకొని పోయి, మరల తరగతులకు హాజరగుచుండెను. మార్కులు తగ్గలేదు గనుక నేను ఊరకుంటిని.

ఒకనాటి రాత్రి భోజనముల వేళ వాడు చెప్పిన మాట నాకు ఇప్పటికిని జ్ఞాపకమున్నది. "మామయ్యా, గట్టు మీద నిలిచినవారికి పడవ ప్రక్క కనబడును. గెలుపుగీత దగ్గర నిలిచినవారికి వీపులు కనబడును. లాగేవాళ్ల ముఖాలు నాకొక్కనికే కనబడుతవి. చివరి రెండు వందల మీటర్లలో ఆ ముఖాలు ఎట్లుంటవో ఎవ్వరూ చూడలేదు. అవి చూపించాలె" అన్నాడు.

"చూపించి ఏమి చేయుదువు? పరీక్షలు చూచుకొనుము" అని నేను మజ్జిగ పోసుకొంటిని.

కొన్ని నెలలైన పిదప వాని సంచిలో ఒక కెమెరా కనబడినది. ఫిలిము చుట్ట వేయు పాతది. పరీక్ష రుసుమునకై దాచిన విద్యార్థివేతనమును పెట్టి కోఠిలో కొన్నాడట. నాకు పట్టరాని కోపము వచ్చినది. రుసుము నేనే కట్టితిని గాని, ఆ కెమెరాను నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళము వేసితిని. "పరీక్షలైన తరువాత చూతము" అంటిని. చెల్లెలు ఏమియు అనలేదు. వాడును ఎదురాడలేదు. పెద్దవాడు చేసినది న్యాయమే అని అందరు ఒప్పుకొనునట్టి పని అది. నేనును అట్లే అనుకొంటిని.

2006 ఫిబ్రవరిలో కళాశాలల పందెము జరిగినది. మావాని జట్టు ప్రథమస్థానము పొందినది. వారి జట్టులో చుక్కానివానికి ఎదుట మొదటి తెడ్డు పట్టినవాడు మా గాజులరామారపు కుర్రవాడే. వాని తల్లిదండ్రులు గుట్ట మీద బండలు కొట్టువారు. వాడు నావద్దనే చదివినవాడు. పందెము జరిగిన నాలుగైదు దినములకు వాని తల్లి మా వాకిట నిలిచి ఇట్లు అడిగినది:

"సారూ, మావోడు పడవ మీద గెలిచిన ఫోటో ఒకటుంటే ఇయ్యరాదు? ఆ దినం నేను కైకిలికి పోయిన. చూడలే."

మావాడు తలుపు వద్ద నిలిచి ఉండెను. నావంక చూడలేదు. "ఫోటో తీయలేదమ్మా" అని మాత్రము చెప్పినాడు. కెమెరా ఎక్కడ ఉన్నదో చెప్పలేదు. ఆమె "పోనీ బిడ్డా" అని వెడలిపోయినది.

శ్రోతలారా, నేను జీవితమంతయు కాలము విలువను గూర్చి పిల్లలకు బోధించితిని. పోయిన కాలము రాదని నల్లబల్ల మీద ఎన్ని మారులు వ్రాసితినో లెక్కలేదు. ఆ మాట అర్థము ఆనాడు నా వాకిట నిలిచినది. రుసుమును మరల సంపాదింతుము. పరీక్షను మరల వ్రాయుదుము. జరిగిన పందెము మరల జరుగదు. ఒకదినపు కూలి పోగొట్టుకొనలేక కొడుకు గెలుపును చూడజాలని తల్లికి చూపదగినది ఒక్కటే ఉండెను. అది నా పెట్టెలో తాళము క్రింద ఉండెను. ఆ రాత్రియే తాళపుచెవి వాని చేతికి ఇచ్చితిని. క్షమింపుమను మాట నా నోట రాలేదు. వాడు అర్థము చేసికొనెననుకొందును.

ఇక వాడు చేసిన పని వినుడు. మరుసటి యేటి పందెమునకు చుక్కానిని మరియొకనికి అప్పగించి, న్యాయనిర్ణేతల మోటారుపడవలో ఒక మూల చోటు అడిగికొన్నాడు. ఆ పడవ పందెపు పడవల వెనుక పోవును. తెడ్లు లాగువారు వెనుకకు తిరిగియే కూర్చుందురు గనుక వారి ముఖములు ఆ మోటారుపడవ వైపునకే ఉండును. తీరమున నిలిచిన ఫొటోగ్రాఫరులకు తోచని ఈ సంగతి చుక్కానివానికి సహజముగా తోచినది. వాడు ఇదివరకు కూర్చున్న చోటు అదే దిక్కు గదా!

రెండవ సంగతి కాలమునకు సంబంధించినది. 2000 మీటర్లను నాలుగువందల సెకనులలో దాటు పడవ సెకనునకు 5 మీటర్లు పోవును. కెమెరా ద్వారమును షట్టరు అందురు. అది అరువదవ వంతు సెకను తెరచి యున్నచో ఆలోపల పడవ 8 సెంటీమీటర్లు, అనగా బెత్తెడు కదలును. గట్టుమీద కదలక నిలిచిన కెమెరాలో చిత్రము చెదరును. వెయ్యవ వంతు సెకను మాత్రమే తెరచినచో 5 మిల్లీమీటర్లే, అనగా వడ్లగింజ పొడవైనను కదలదు. చిత్రము స్పష్టముగా వచ్చును. యంత్రము చేయునది ఇంతవరకే. ఏ వెయ్యవ వంతును పట్టవలెనో యంత్రము చెప్పదు. కంటికి కనబడిన తరువాత మీట నొక్కినచో ఆ క్షణము గడచిపోయియే యుండును. కనబడుటకు కొంచెము ముందే నొక్కవలెను. చుక్కానివాడు తెడ్డు నీట పడిన తరువాత కేక వేయడు. పడుటకు ముందే వేయును. రెండేండ్లు ఆ కేక వేసినవానికి వేలు ఎప్పుడు కదలవలెనో వేరుగా నేర్పనక్కరలేదు.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది. ఏ లాగుడున ఊపిరి తెగునో, ఏ ముఖమున పట్టుదల ఉన్నదో, ఏ ముఖమున భయము ఉన్నదో వానికి తెలియును. ఆ శ్రమకు ఎదుట కూర్చున్నవాడు గనుక తెలియును.

ఆ యేట మావారి జట్టు గెలువలేదు, మూడవదిగా వచ్చినది. ముప్పదియారు చిత్రములు పట్టు ఫిలిమునందు రెండు మాత్రమే చక్కగా కుదిరినవని వాడు చెప్పినాడు. అందొకటి పెద్దదిగా అచ్చు వేయించి ఆ తల్లికి ఇచ్చినాడు. నేనును వెంట పోయితిని. ఆమె కొంగుతో చేతులు తుడుచుకొని చిత్రమును తీసికొని చాలసేపు చూచినది. పండ్లు బిగించి, మెడనరములు ఉబ్బి, కనులు సగము మూసిన కొడుకు ముఖము అందున్నది. నేను, "ఈసారి గెలువలేదమ్మా" అంటిని.

"గెలవకుంటే పాయె సారూ" అన్నది. "ఈ మొఖం నాకెరుకే. బండ లేపేటప్పుడు వీళ్ల నాయిన మొఖం గిట్లనే ఉంటది. వీడు గూడ గింత కష్టపడ్తడని నాకు తెల్వకపాయె."

అలంకారశాస్త్రమున స్వభావోక్తి యను అలంకారమొకటి కలదు. ఉన్న వస్తువును ఉన్నట్లు, దాని చేష్టను దాని తీరున చెప్పుట. శాకుంతలము తొలియంకమున రాజు రథము తరుముచుండగా పరుగిడు లేడిని కాళిదాసు వర్ణించిన తీరు అందుకు ఉదాహరణముగా పండితులు చెప్పుదురు. నేను ఆ పాఠమును ఏటేట చెప్పితిని. కాని స్వభావోక్తి చూచిన హృదయమునకు ఏమి జరుగునో ఆ బండలు కొట్టు తల్లి ముఖమున చూచితిని. అలంకారము లేని మాటయే మహాలంకారమని అప్పుడు తెలిసినది.

ఈ కథ మా ఇంటికి మాత్రమే చెల్లినదని అనుకొనవలదు. ఒక విద్యలోని శిక్షణము మరియొక విద్యకు కన్నిచ్చుట లోకమున ముందును ఉన్నది. అమెరికాలో ఫిలడెల్ఫియా నగరమున 1844లో జన్మించిన థామస్ ఈకిన్స్ అను చిత్రకారుడు కలడు. అతడు స్వయముగా తెడ్డు పట్టినవాడు. 1871లో ఒక్కడే పడవ నడుపు తన స్నేహితుని చిత్రమును రచించి, అందే దూరమున మరియొక పడవలో తన్నును చిత్రించుకొనెను. శరీరము కదలు తీరును తెలిసికొనవలెనను తపన అతనిని కుంచెతో నిలువనీయలేదు. 1884-85 ప్రాంతమున కెమెరాతో పరుగెత్తువారి, దుముకువారి చేష్టలను ఒకే పలక మీద వరుసగా పట్టెను. దీనికి కొలది యేండ్లకు ముందు, 1878లో, మైబ్రిడ్జి యను నతడు కాలిఫోర్నియాలో వరుసగా పండ్రెండు కెమెరాలు నిలిపి పరుగిడు గుఱ్ఱమును చిత్రించి, దాని నాలుగు కాళ్లును ఒక క్షణమున నేలను విడుచునని ఋజువు చేసెను. మానవుడు వేలయేండ్లు గుఱ్ఱపు పరుగును చూచినను ఆ క్షణమును చూడలేదు.

అదే 1844లో మన దేశమున మీరట్ సమీపమునందలి సర్ధనాలో జన్మించినవాడు దీనదయాళు. రూర్కీ కళాశాలలో ఇంజనీరింగు చదివి, ఇండోరు మరామతు శాఖలో పటములు గీయు ఉద్యోగము చేయుచు, వేడుకకు కెమెరా పట్టెను. కొలతలు, గీతలు నేర్చిన కన్ను చిత్రమున పనికివచ్చినది. ఆ పిదప ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థానమున చేరి, 1886లో సికింద్రాబాదున చిత్రశాల స్థాపించెను. రాజదర్బారులనే గాక వేటలను, పోలో జట్లను చిత్రించెను. రాజా బిరుదము పొంది 1905లో కీర్తిశేషుడైనాడు. మన ప్రాంతపు నూటయిరువది యేండ్ల నాటి ముఖములు నేటికి మనకు కనబడుచున్నవన్న అందు ఆయన పుణ్యము చాల కలదు. అయితే ఆ చిత్రములలో పెక్కు రాజుల ముఖములు. బండ లేపిన వాని ముఖము, తెడ్డు లాగిన వాని ముఖము కూడ మిగులవలెను గదా!

పడవపందెము ధనికుల వినోదమని కొందరు తలంతురు. మహారాష్ట్రమున నాసిక్ జిల్లాకు చెందిన దత్తు భోకనాళ్ బావులు త్రవ్వు కూలి చేసినవాడు. 2012లో సైన్యమున చేరి, అచట తెడ్డు పట్ట నేర్చి, నాలుగేండ్లకే, 2016లో, రియో ఒలింపిక్ క్రీడలలో ఒంటరి పడవపందెమున 13వ స్థానము పొందెను. 2018లో ఆసియా క్రీడలందు నలుగురి జట్టుతో కూడి బంగారుపతకము గెలిచెను. బావి త్రవ్విన చేతులకు తెడ్డు బరువు కాలేదు. నేర్చిన శ్రమ ఎచటికి పోయినను వెంట వచ్చును.

నా మేనల్లుడు చదువు ముగించి కొంతకాలము పత్రికలకు ఆటల చిత్రములు తీసి, క్రమముగా అదియే జీవనోపాధి చేసికొన్నాడు. ధనవంతుడు కాలేదు; ఋణస్థుడును కాలేదు. కబడ్డీ, కుస్తీ, హాకీ, ఏ ఆటకు పోయినను ముందు ఆటగాండ్ర ముఖములు ఏ వైపు తిరుగునో చూచి తన చోటు ఎన్నుకొనును. గెలిచినవాని కేరింతలను అందరు తీయుదురు. వీడు ఓడినవాని వద్ద కూడ ఒక నిమిషము నిలుచును. ఎందుకని అడిగితిని. "అతని తల్లి కూడ ఇంటి దగ్గర ఉంటది గదా, మామయ్యా" అన్నాడు.

గ్రామములందలి పెద్దలు ఈ ప్రసంగము వినుచున్నారు గనుక రెండు మాటలు మనవి చేసి ముగింతును. ఇప్పుడు కెమెరా ప్రతి ఇంటను చేతిఫోనులో ఉన్నది. ఫిలిము ఖర్చు లేదు. అయినను మన ఊరి కబడ్డీ జట్టు, మన కుస్తీ వస్తాదు, మన బడి ఆడపిల్లల ఖోఖో పందెము, వీని చిత్రము పది యేండ్ల పిదప వెదకినచో దొరకదు. ఫోను పాడగును, చిత్రము దానితో పోవును. అందుచేత ఏటికి నాలుగైదు చిత్రములైనను కాగితము మీద అచ్చు వేయించి, వెనుక పేర్లు, తేది, ఊరు వ్రాసి, బడిలోనో గ్రంథాలయమునందో భద్రపరపుడు. పిల్లలను చిత్రించుటకు ముందు వారి తల్లిదండ్రుల అనుమతి తీసికొనుడు. వరుసగా నిలువబెట్టి తీసిన చిత్రముతో తృప్తిపడక, ఆడుచున్నప్పుడు తీసినది ఒకటైనను ఉంచుడు. అందే వారి స్వభావము నిలుచును.

రెండవ మాట. మీ ఇంటి పిల్లవాడు ఒకనాడు తడిసిన బట్టలతో వచ్చి, మీరెరుగని ఆటలో చేరితినని చెప్పినచో, నావలె నవ్వవలదు. చదువును గూర్చి హెచ్చరింపుడు. అది మీ ధర్మము. కాని అక్కడ వానికి ఏమి కనబడినదో ఒక్కమారు అడుగుడు. మనము పెద్దలము గనుక గమ్యమునకు ఎదురుగా కూర్చున్నామని అనుకొందుము. పలుమారులు మనమే వీపు పెట్టి కూర్చుందుము. చూచుచున్నవాడు ఆ చిన్నవాడే కావచ్చును.

ఆ ట్రంకుపెట్టె ఇప్పటికిని మా ఇంట ఉన్నది. దానికి తాళము వేయుట మానితిని.